గోడ అవతలి సంత

పారిస్‌లో నాలుగో నంబరు మెట్రో రైలుకు ఉత్తరాన ఆఖరి స్టేషను పోర్త్ ద క్లిన్యాంకూర్. అక్కడ దిగి ఇంకా ఉత్తరానికి నడిచి, నగరాన్ని చుట్టివచ్చే పెద్ద రహదారి వంతెన కిందుగా అవతలికి వెళితే సెంతువాన్ అనే ఊరు వస్తుంది. శని, ఆది, సోమవారాల్లో అక్కడ జరిగే పాతసామాన్ల సంత లోకప్రసిద్ధం. ఒంటిమీద గెంతి కుట్టే పురుగు పేరు పెట్టి ఫ్రెంచివాళ్ళు దాన్ని పిలుస్తారు. పాత పరుపుల్లో, బట్టల్లో ఆ పురుగులు ఉండేవి గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడక్కడ రాజుల కాలపు కుర్చీలు, వెండి చెంచాలు, పాత అద్దాలు, బొమ్మలు, పుస్తకాలు అమ్ముతారు. దేశదేశాల యాత్రికులు వచ్చి బేరమాడి, మురిసిపోయి వెళుతుంటారు.

ఈ యాత్రికులకు తట్టని ప్రశ్న ఒకటుంది. ఇంత పేరున్న సంత నగరం నడిబొడ్డున కాకుండా సరిహద్దు దాటాక ఎందుకు వెలిసింది? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే సంత చరిత్రతోపాటు సాహిత్య చరిత్ర కూడా కొంత బయటపడుతుంది. అందుకే రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ ఈ సంతతో పని ఉంది.

యాత్రికుడు వంతెన కింద దాటివచ్చిన చోటే ఒకప్పుడు పారిస్ కోటగోడ ఉండేది. 1841-44 మధ్య నగరం చుట్టూ సుమారు 33 కిలోమీటర్ల పొడవున దాన్ని కట్టారు. గోడ వెలుపల 250 మీటర్ల మేర పక్కా కట్టడాలు ఉండరాదని సైనిక నిబంధన. 1860 నుండి ఆ గోడే పారిస్ పొలిమేర. లోపలికి వచ్చే సరుకుల మీద పట్టణ సుంకం కూడా అక్కడే వసూలు చేసేవారు. ఇల్లు కట్టకూడని ఆ నేలమీద ఇల్లు లేనివాళ్ళు గుడిసెలు వేసుకున్నారు. దాన్ని 'జోన్' అన్నారు. 1919 తరువాత గోడను పడగొట్టారు. 1973 నాటికి దాదాపు ఆ దారి వెంటే వలయ రహదారి పూర్తయింది. గోడ పోయినా గీత మిగిలింది.

జోన్‌లో తలదాచుకున్నవారిలో చింకిపేలికలు ఏరుకునేవాళ్ళు ముఖ్యులు. వీపున బుట్ట, చేతిలో కొక్కెం, రాత్రివేళ లాంతరు - ఇవే వాళ్ళ పనిముట్లు. ఇళ్ళవాళ్ళు వీధిలో పోసిన చెత్తలోంచి పేలికలు, ఎముకలు, గాజు, ఇనుము, కాగితం ఏరేవాళ్ళు. వాటిలో వృథాగా పోయేది లేదు. పేలికలు కాగితపు మిల్లుకు చేరేవి. ఎముకలు బొత్తాములయ్యేవి, కాల్చిన బొగ్గయి చక్కెరను శుద్ధి చేసేవి. ఏరినవాడి దగ్గర తూకానికి కొనే పెద్ద వ్యాపారి వేరే ఉన్నాడు. ఏరేవాళ్ళలోనూ అంతరాలున్నాయి. కొన్ని ఇళ్ళ చెత్త మీద వాడుక హక్కు సంపాదించుకున్నవాడు ఒక మెట్టు పైన, వీధులు పట్టి తిరిగేవాడు కింద. 1828 నుండి వీరంతా పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకుని బిళ్ళ ధరించవలసి వచ్చింది. ఇది పరిశ్రమకు ముడిసరుకు అందించే శ్రమ. కాని ఆ శ్రమకు యజమాని కనబడడు, హాజరుపట్టీ ఉండదు.

1832లో పారిస్‌ను కలరా మొదటిసారి కబళించింది. 18 వేలకు పైగా జనం చచ్చిపోయారు. పారిశుద్ధ్యం పేరిట అధికారులు చెత్త ఎత్తే పనిని కాంట్రాక్టుకు ఇచ్చారు. బళ్ళు ముందే వచ్చి చెత్త ఎత్తుకుపోతే ఏరుకునేవాడికి మిగిలేది ఆకలే. ఆ ఏప్రిల్‌లో వాళ్ళు తిరగబడి బళ్ళను ధ్వంసం చేశారు. యాభై ఏళ్ళ తరువాత అదే కథ నడిచింది. పుబెల్ అనే పాలనాధికారి 1883 నవంబరులో ఒక ఉత్తర్వు జారీచేశాడు. ప్రతి ఇంటి యజమానీ మూతగల డబ్బాలు పెట్టాలనీ, బండి వచ్చే వేళకే వాటిని బయట ఉంచాలనీ శాసించాడు. ఏరుకునేవాళ్ళ కూడు డబ్బాలో పడింది. పెద్ద గొడవ జరిగింది. 1884 మార్చిలో ఉత్తర్వు సవరించి, గుడ్డ పరిచి దానిమీద చెత్త పోసి ఏరుకోవడానికి అనుమతించారు. కాని వృత్తి మునుపటిలా సాగలేదు. కొయ్యగుజ్జుతో కాగితం చేయడం వ్యాపించాక పేలికలకు గిరాకీ కూడా తగ్గింది. చెత్తడబ్బాకు ఫ్రెంచి భాషలో నేటికీ పుబెల్ పేరే. అధికారి పేరు నిఘంటువు కెక్కింది. ఏరుకునేవాళ్ళ పేర్లు ఏ గ్రంథానికీ ఎక్కలేదు.

తూకానికి అమ్మితే కూడు గడవనప్పుడు, ఏరినదాంట్లో పనికివచ్చే వస్తువును నేలమీద పరిచి నేరుగా అమ్ముకోవడం గత్యంతరమైంది. సుంకం లేని గోడ అవతల ఆ అమ్మకం పెరిగింది. సెంతువాన్ పురపాలకులు వీధులు బాగుచేయించిన 1885ను ఈ సంత పుట్టిన సంవత్సరంగా లెక్కిస్తారు. 1920లో వెర్నేజాన్ అనే స్థలయజమాని తన నేలలో కొట్లు వేయించి అద్దెకిచ్చాడు. 1925లో ఖరీదైన పురాతన వస్తువుల వర్తకులు బిరాన్ మార్కెట్ ఏర్పరచుకున్నారు. నేలమీది గుడ్డ కొట్టయింది, కొట్టుకు అద్దె వచ్చింది, అద్దెకు తగ్గ సరుకు వచ్చింది. మొదట గుడ్డ పరిచినవాడికి అక్కడ చోటు తగ్గింది. ఇది ఏనాటి మాటో అనుకోనక్కరలేదు. దగ్గరలోనే పోర్త్ మోమార్త్ర్ దగ్గర రోడ్డుపక్క చిల్లరసామాను పరుచుకుని అమ్మే పేదలను పోలీసులు తరిమేవారు. 2009లో అదే వలయ రహదారి వంతెన కింద వంద చోట్లు గుర్తించి నగరపాలకులు వారికి అనుమతి ఇచ్చారు. వారిని పిలిచే 'బిఫాన్' అన్న మాట ఏరుకునేవాళ్ళకు పాత వాడుక పేరే.

ఇక సాహిత్యం సంగతి. ఏరుకునేవాడిని ఫ్రెంచి సాహిత్యం నిర్లక్ష్యం చేసిందనడానికి వీల్లేదు. 1847లో ఫెలిక్స్ ప్యా అతడిని నాయకుడిగా నిలిపి నాటకం రాశాడు. ఆ ప్యా తరువాత 1871 పారిస్ కమ్యూన్‌లో సభ్యుడయ్యాడు. 1857 నాటి బోదలేర్ సంపుటిలో ఏరుకునేవాళ్ళ మద్యం మీద ఒక కవిత ఉంది. ఆంద్రే బ్రెతోన్ 1928 నాటి 'నాద్జా'లో ఈ సెంతువాన్ సంతకు తరచు వెళ్ళడం గురించి రాశాడు. వాడుక తప్పిన, విరిగిన, అర్థం కాని వస్తువుల్లో అధివాస్తవిక కవులు తమ అంతరంగాన్ని వెదుక్కున్నారు. 1930లలో పారిస్‌లో ప్రవాసిగా ఉన్న వాల్టర్ బెన్యమిన్, బోదలేర్ మీద రాస్తూ కవికీ ఏరుకునేవాడికీ పోలిక చూపాడు. నగరం పారేసినదాన్ని ఇద్దరూ ఏరుతారన్నాడు.

ఈ పోలిక అందమైనది, లోతైనది కూడా. అయితే దాని ప్రయాణాన్ని గమనించాలి. ప్యా నాటకంలో ఏరుకునేవాడు మనిషి. బోదలేర్ దగ్గరకు వచ్చేసరికి మనిషీ, ప్రతీకా కలిసి ఉన్నాయి. బ్రెతోన్ దగ్గర వస్తువు మిగిలింది, ఏరిన చెయ్యి కనబడదు. తరువాతి విమర్శకుల చేతుల్లో ఏరుకునేవాడు కేవలం ఉపమానం. ఏ కవినైనా అలా వర్ణించవచ్చు. అందులో ఎముకల కంపు లేదు, కలరా లేదు, డబ్బా మూత లేదు.

అభ్యుదయ విమర్శకులం మనమూ ఈ విషయంలో నిర్దోషులం కాము. 1852లో మార్క్స్ లూయీ బోనపార్ట్ కుట్ర గురించి రాస్తూ, అతడు కూడగట్టిన లుంపెన్ మూకల జాబితాలో ఏరుకునేవాళ్ళను కూడా చేర్చాడు. జర్మన్ భాషలో లుంపెన్ అంటే చింకిపేలికలే. ఆ జాబితా ఒక నిర్దిష్ట రాజకీయ ఘట్టానికి చెందింది. మనం దాన్ని శాశ్వత ముద్రగా చేసుకున్నాం. కథలో అలాంటి పాత్ర రాగానే లుంపెన్ అని రాసి పేజీ తిప్పాం. అదే మార్క్స్ 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఇంగ్లండు పేలికలు వేరుచేసే స్త్రీలను, బాలికలను అతి మురికి, అతి తక్కువ కూలి పనిచేసే శ్రామికులుగా లెక్కించాడు. పేలికల వెంట మశూచి పాకడాన్నీ, ముందుగా ఆ స్త్రీలే దానికి బలికావడాన్నీ రాశాడు. మొదటి మార్క్స్‌ను కంఠస్థం చేసి రెండో మార్క్స్‌ను చదవకపోవడం విమర్శ అనిపించుకోదు.

ఇందులో మరొక సత్యముంది. బోదలేర్ పుస్తకం అచ్చయిన కాలానికి యూరపులో కాగితానికి ప్రధాన ముడిసరుకు గుడ్డపేలికలే. అంటే ఏరుకునేవాడి మీద రాసిన కవిత ఏరుకునేవాళ్ళు తెచ్చిన సరుకు మీదే అచ్చయింది. కవికి వస్తువునూ, కాగితాన్నీ ఇచ్చింది ఒకే చెయ్యి. వస్తువుకూ రూపానికీ సంబంధం గురించి ఎన్నో చర్చలు చేశాం. రూపం కింద ఉండే కాగితం ఎవరి శ్రమో అడగడం కూడా ఆ చర్చలో భాగమే.

తెలుగువాళ్ళకు ఇది కొత్త అనుభవం కాదు. మద్రాసు గుజిలీ బజారులో చవకగా అమ్మిన అచ్చు పుస్తకాల వల్ల మన పండితులకు 'గుజిలీ ప్రతి' అనే తిట్టు దొరికింది. పరిష్కరణ లేని ప్రతి అని దానికి అర్థం. పాఠశుద్ధి విషయంలో వాళ్ళ మాట న్యాయమే కావచ్చు. కాని పాటలూ కథలూ పెద్ద ముద్రణల ధర పెట్టలేని పాఠకుడికి చేరింది ఆ ప్రతుల వల్లనే. అంగడి పేరు తిట్టుగా మారడంలోనూ ఒక గోడ ఉంది. నేడు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పాత పుస్తకం దొరికినప్పుడు మనం ఆ అదృష్టం గురించి వ్యాసాలు రాస్తాం. తూకానికి పోవలసిన కట్టలోంచి దాన్ని వేరుచేసి దుమ్ము దులిపి పక్కన పెట్టినవాడి ఎంపిక గురించి రాయం.

సెంతువాన్ వెళ్ళేవారు వెళ్ళనివ్వండి, కుర్చీలూ అద్దాలూ కొననివ్వండి. వెళ్ళినా వెళ్ళకపోయినా రచయిత చేయవలసిన పని ఒకటుంది. ఉపమానంగా మారిన మనిషిని తిరిగి మనిషిగా రాయాలి. అతని బుట్ట బరువెంతో, ఆ రోజు తూకానికి ఎంత వచ్చిందో రాయాలి. అతడిని గోడ అవతల నిలబెట్టినది ఎవరో రాయాలి.