నాలుగు పలకల కట్టర్

చిత్రిక పట్టిన వచనం అని సమీక్షల్లో తెగ రాసేస్తుంటాం. ఆ చిత్రిక వడ్రంగి చేతిలో ఉన్నంతకాలం వేళ్లకి పెద్ద గండం లేదు. గొడవంతా అది మిషనయ్యాకే మొదలైంది.

ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1791లోనే చిత్రిక పట్టే మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. అది చేతి కదలికనే అనుకరించేది, ముందుకీ వెనక్కీ. తిరిగే బ్లేళ్లని పెద్ద వ్యాపారం చేసింది అమెరికా. 1828లో విలియం ఉడ్‌వర్త్ తీసుకున్న పేటెంటుని పొడిగించుకుంటూ, దాని హక్కుదార్లు 1856 దాకా మిల్లుల దగ్గర సొమ్ము గుంజారు. (ఆ కోర్టు కేసుల మీద ఓ నవల రాయొచ్చు.)

ఇప్పుడు అమెరికాలో ఇలాంటి పాత మిషన్లు కొనే పిచ్చి ఉన్నవాళ్లు బాగానే ఉన్నారు. మూతపడ్డ ఫర్నిచర్ ఫ్యాక్టరీల వేలంలో, బడులు వదిలించుకునే వర్క్‌షాపు సామాన్లలో దొరుకుతాయి. వాటిలో ఒకటి జాయింటర్, వంకర పలకని తిన్నగా చేసే మిషను. రెండు పోత ఇనుప బల్లలు, వాటి మధ్య సందులో గిర్రున తిరిగే కట్టర్. పెద్దదైతే టన్ను పైమాటే. కొన్న ధర కన్నా, ఇనుప గొట్టాల మీద దొర్లించి లారీకెక్కించి ఇంటికి చేర్చే ఖర్చే ఎక్కువ కావచ్చు.

తుప్పు చూసి భయపడక్కర్లేదు, గీకితే పోతుంది. ముందు చూడాల్సింది ఆ సందులోకి. కట్టర్ గుండ్రంగా ఉందా, నలుపలకగా ఉందా?

నలుపలకదంటే చదరపు ఉక్కు దిమ్మ, దాని ముఖాల మీద బోల్టులతో బిగించిన బ్లేళ్లు. చదరం తిరుగుతుంటే బ్లేడుకీ బ్లేడుకీ మధ్య, బల్ల అంచు దగ్గర పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు ఆ ఖాళీ కంటికి ఆనదు. చిన్న చెక్కముక్క ఎగిరి వెనక్కి తన్నిందంటే, దాన్ని అదిమి పట్టిన చెయ్యి సరాసరి అందులోకే దిగుతుంది. గుండ్రని కట్టర్ కూడా కోస్తుంది, సందేహం లేదు. కానీ బ్లేడు ముందు సన్నని గాడి తప్ప ఖాళీ ఉండదు కాబట్టి వేలి కొసల్ని చెక్కేస్తుంది, చేతిని లోపలికి లాక్కోదు.

ఆవిరి ఇంజన్లకి సిలిండర్లు చేసినవాళ్లకి గుండ్రని దిమ్మ ఒక లెక్కా? నలుపలక దిమ్మకి రకరకాల ఆకారాల బ్లేళ్లు బిగించుకోవచ్చు, నిజమే, అదొక కారణం. నాకు కనిపించే అసలు కారణం వేరు: వేలికి వెల లేదు. అప్పటి అమెరికా కోర్టుల్లో, ప్రమాదమని తెలిసే పనిలో చేరాడనో, తోటి పనివాడి తప్పనో తేల్చేస్తే యజమాని చెల్లించేది ఏమీ ఉండేది కాదు. జర్మనీలో 1884 నుంచే పనివాళ్లకి ప్రమాద బీమా చట్టం ఉంది. గుండ్రని కట్టర్ అమెరికాకి అక్కణ్ణుంచే, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో వచ్చింది. ఇది కాకతాళీయం అనుకోలేను. 1911లో విస్కాన్సిన్‌ లాంటి రాష్ట్రాలతో మొదలై, 1920 నాటికి చాలా రాష్ట్రాల్లో నష్టపరిహార చట్టాలు వచ్చేశాయి. తెగిన వేలికి డబ్బు కట్టాల్సి వచ్చింది. గుండ్రని కట్టర్ మామూలు సంగతి అయిపోయింది కూడా ఆ కాలంలోనే.

అందుకే, ఫ్యాక్టరీ నాటి రంగు కూడా పోకూడదని పట్టుబట్టేవాళ్లు సైతం ఈ ఒక్క భాగాన్ని మార్చేస్తుంటారు. దానికి తగ్గట్టు బేరింగులూ మార్చాలి. చాలా పాత మిషన్లలో బాల్ బేరింగులుండవు. ఉండేది 1839లో పేటెంటు తీసుకున్న ఐజాక్ బాబిట్ పేరుతో నడుస్తున్న మెత్తని లోహం, తగరంలో ఆంటిమొనీ, రాగీ కలిపింది. షాఫ్టుని ఉండాల్సిన చోట నిలిపి, అంటుకోకుండా మసి పట్టించి, సందులు మూసి, కరిగిన లోహం పోస్తారు. ఎక్కడైనా తడి ఉంటే లోహం చిమ్మి మొహాన పడుతుంది. చల్లారాక, షాఫ్టు సరిగ్గా ఆనేదాకా గీకుతూ కూచోవాలి. విగ్రహాలు పోతపోసేవాళ్లకి అర్థమయ్యే పని ఇది.

ఫ్యాక్టరీ మోటారుకి త్రీఫేజ్ కావాలి, ఇళ్లలో ఉండేది సింగిల్ ఫేజ్. కన్వర్టర్ దొరుకుతుంది, అదేం పెద్ద సంగతి కాదు.

ఆఖర్న బ్లేళ్ల ఎత్తు. కరెంటు తీసేసి, వెనక బల్ల మీద తిన్నని కర్రముక్క పెట్టి, దాని కొసని కట్టర్ మీదికి జరిపి, షాఫ్టుని చేత్తో నెమ్మదిగా తిప్పుతారు. బ్లేడు తగిలి కర్ర కొద్దిగా జరుగుతుంది. ప్రతి బ్లేడూ, రెండు కొసల దగ్గరా, దాన్ని అంతే దూరం జరపాలి. ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ జరిపినా బోల్టులు వదులు చేసి మళ్లీ మొదట్నుంచి.