కరణం కవిలె విప్పిన రోజు

గండికోట సీమలో ఒక పల్లె. 1810 ప్రాంతం. కరణంగారి అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు గుమాస్తా.

"గుడి ఎవరు కట్టించినారో చెప్తా, సరే. దేనికి సామీ?"

"దొరవారు రాయించుకుంటున్నారండీ. మెకంజీ దొరవారు."

"మొన్న మన్రో దొర మనుషులు చేను చేనూ కొలిచి శిస్తు కట్టిపోయిరి. ఇప్పుడీయన గుడి సంగతి అడుగుతాండాడు. రేపు దేవుని మాన్యం ఊడబెరకడానికే గదా?"

"కాదు స్వామీ. మాన్యం ఎవరిచ్చారో కూడా రాసుకుంటాం."

"అదే నేను చెప్పేది!"

ఈ మాటలు నా కల్పన. ఆ గుబులు మాత్రం కల్పన కాదు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ఇచ్చేశాడు. 1807 దాకా థామస్ మన్రో కలెక్టరుగా ఉండి భూములు కొలిపించాడు. ఆ వెనకే మరో కాగితాల కట్ట ఊళ్లోకి దిగితే ఏ కరణం నమ్ముతాడు?

కాలిన్ మెకంజీది స్కాట్లండ్‌లోని లూయిస్ దీవి. పటాలు గీయడం ఆయన కొలువు. శాసనాలు, నాణేలు, ఊళ్ల పాత కథలు ఆయన పిచ్చి. దేశభాషలు రావు. ఆ లోటు పూడ్చింది ఏలూరు కావలి సోదరులు. హళగన్నడ శాసనాలు చదివిన బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోతే, సోదరుడు లక్ష్మయ్య ఆ పని తలకెత్తుకున్నాడు. ఊరూరా తిరిగిన గుమాస్తాలు ఆయనకే జాబులు రాసేవారు.

చివరికి కరణం లోపలికి వెళ్లి ఊరి పాత లెక్కలూ సంగతులూ రాసిపెట్టిన కవిలె తెచ్చాడు. గండికోటలో పెమ్మసానివారి ఏలుబడి, 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోట పట్టడం, ఊరి పొలిమేరలు, చెరువు, గుడి, మాన్యాలు. గుమాస్తా కలం పరుగెత్తింది. అదే కైఫియత్తు.

కరణం చెప్పిందంతా నిజమేనా? నేనైతే నమ్మను. ఎవరి మాన్యం వారికి ముద్దు. కైఫియత్తులో సగం చరిత్ర, సగం అర్జీ. అందుకే దాంట్లో ప్రాణముంది.

1821లో మెకంజీ కన్నుమూశాడు. ఎనిమిది వేల పైచిలుకు శాసనాల నకళ్లు, ఆరు వేలకు మించిన నాణేలు, కట్టలకొద్దీ ఊళ్ల కథలు మిగిలాయి. కాగితాలు శిథిలమవుతుంటే వాటికి మళ్లీ శుద్ధ ప్రతులు రాయించినవాడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, తర్వాత ఎర్రముక్కపల్లెలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించిన బ్రౌనే.

ఆ బంగళా మొండిగోడలయ్యాక, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి చందాలు పోగుచేసి అక్కడే బ్రౌన్ పేర గ్రంథాలయం నిలబెట్టారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప జిల్లా కైఫియత్తులు అక్కడినుంచే అచ్చయ్యాయి. ఇంతమంది పేర్లు తెలిశాయి గానీ, కవిలెలు విప్పిన కరణాల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

జమ్మలమడుగు, సిద్ధవటం వైపు వాళ్లు మీ ఊరి కైఫియత్తు ఉందేమో వెతకండి. ఉంటే దాన్ని పట్టుకుని గుళ్లో శాసనం ముందు నిలబడి పోల్చుకోండి. రెండూ పొసగని చోటు దొరికితే వదలొద్దు. అక్కడ కరణం ఏదో దాచి ఉంటాడు.