ముప్పై మిల్లీమీటర్లు... ఏ స్కాన్‌లో?

గర్భాశయ ముఖద్వారం ఎంత పొడవుందో మొదట అంచనా కట్టింది డాక్టరు వేళ్లే. 1964 నాటి బిషప్ స్కోరు దాన్నే అంకెల్లో పెట్టింది. అయితే వేలికి అందేది కింది కొసే. ముఖద్వారం కురచయ్యే మార్పు మొదలయ్యేది పైన, ఇంటర్నల్ ఆస్ (లోపలి రంధ్రం) దగ్గర. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్ చిత్రాలు ప్రచురించాక, లోపలి సంగతి పొట్ట మీంచి చూసే దారి దొరికింది. దొరికిందే గానీ, ఆ దారిలో ఒక చిక్కుంది. నీళ్లు తాగించి, మూత్రం ఆపమంటే నిండిన మూత్రాశయం తరంగాలకు దారిస్తుంది, పక్కనున్న ముఖద్వారాన్ని నొక్కి సాగదీస్తుంది కూడా. ఖాళీ చేసి రమ్మంటే బిడ్డ తల అడ్డొస్తుంది. చూడటానికి చేసిన ఏర్పాటే కొలతను మార్చేస్తోందన్నమాట. అందుకే ఈ చరిత్రంతా నాకు మెరుగైన యంత్రాల కథలా కాక, కొలతను పాడుచేయకుండా కొలవాలన్న తంటాలా కనిపిస్తుంది.

1980లలో రెండు పద్ధతులు వచ్చాయి. తొడుగు వేసిన ప్రోబ్‌ను యోని బయటే ఆనించేది ట్రాన్స్‌లేబియల్. ఇబ్బంది తక్కువే, కానీ మలాశయంలోని గాలి ఒక్కోసారి ఎక్స్‌టర్నల్ ఆస్‌ను (బయటి రంధ్రాన్ని) కప్పేస్తుంది, నడుము కింద దిండు పెట్టి మళ్లీ చూడాలి. రెండోది ప్రోబ్‌ను యోని లోపల పెట్టే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్, అంటే టీవీఎస్. దీనికీ ఒక మెళకువ ఉంది: గట్టిగా నొక్కితే ఇక్కడా పొడవు పెరుగుతుంది. మూత్రం పోసి వచ్చాక ప్రోబ్ పెట్టి, కొంచెం వెనక్కి లాగి, మూడుసార్లు కొలిచి, సరిగా వచ్చిన వాటిలో అతి తక్కువది రాసుకోవాలి. 1996లో ప్రచురితమైన అధ్యయనంలో అమెరికాలోని ఐయామ్స్ బృందం 2,915 మందిని ఇలాగే పరీక్షించింది. 24 వారాలకు సగటు సుమారు 35 మి.మీ.; పొడవు తగ్గేకొద్దీ నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు పెరిగింది. 2007లో ప్రచురితమైన ప్రయోగంలో ఫోన్సెకా బృందం 15 మి.మీ., అంతకు తక్కువ ఉన్నవారికి యోనిలో పెట్టుకునే ప్రొజెస్టరాన్ ఇస్తే, 34 వారాలలోపు కాన్పులు 34.4 శాతం నుంచి 19.2 శాతానికి దిగాయి. 15 మి.మీ. లాంటి హద్దులన్నీ టీవీఎస్‌లో పుట్టినవే.

ప్రతి గర్భిణికీ లోపలి స్కాన్ ఎందుకు, ముందు పొట్ట మీద చూసి అనుమానముంటేనే టీవీఎస్ చేయొచ్చు కదా అంటారు. సబబైన ప్రశ్నే. అయితే 2013 నాటి ఒక అమెరికా అధ్యయనంలో, టీవీఎస్‌లో 25 మి.మీ. దాటనివారిలో 96 శాతాన్ని పట్టుకోవాలంటే పొట్ట స్కాన్ హద్దును 36 మి.మీ.కు పెంచాల్సి వచ్చింది. అలా చేస్తే పదిమందిలో దాదాపు ఆరుగురికి ఎలాగూ లోపలి స్కాన్ తప్పదు. ఇక లోపల పెట్టే ప్రోబ్ బిడ్డకు తగులుతుందన్న భయానికి ఆధారం లేదు. దాని కొస ముఖద్వారం ముందే ఆగుతుంది, లోపలికి పోదు. పొట్ట స్కాన్ పనికిరాదని నేననను. దాని అంకెను టీవీఎస్ హద్దుతో పోల్చడమే తప్పు. టిఫా (బిడ్డ అవయవ లోపాలు చూసే) స్కాన్ రిపోర్టులో సర్విక్స్ (ముఖద్వారం) పొడవు పక్కన అది ఏ పద్ధతిలో కొలిచారో లేకపోతే, అడిగి రాయించుకోండి.