బద్ద మార్పిడి: కార్సెట్ గృహ మరమ్మతు చరిత్రలో తిమింగల దంతిక, కొమ్ము, ఉక్కు

వ్యాససంగ్రహం: ఐరోపా స్త్రీల నడుముకట్టు అయిన కార్సెట్‌కు ఆకృతినిచ్చేది లోపల దూర్చిన బద్దలు. అవి విరిగినప్పుడు ఇంట్లోనే మార్చుకొనే పని వస్త్రచరిత్రలో తగినంత చర్చకు రాలేదు. బద్ద తయారైన పదార్థమే ఆ పని ఎవరి చేతికి అందుతుందో నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. విశాఖపట్నం కుట్టుపెట్టెలను ఇందుకు ఒక ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కార్సెట్, బద్ద, కెరటిన్, విశాఖపట్నం కుట్టుపెట్టె, మరమ్మతు, గృహశ్రమ.

1. ప్రవేశిక

ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర విశాఖపట్నంలో వర్తకస్థావరం ఏర్పరచుకొన్న తరువాత, ఇక్కడి కంసాలి పనివారు ఐరోపావారి అభిరుచికి తగిన సామగ్రి చేయడంలో ప్రసిద్ధులయ్యారు. దంతపు తాపడంతో కుర్చీలు, మేజాలు, పెట్టెలు చేశారు. 19వ శతాబ్దంలో గేదెకొమ్ము, దుప్పికొమ్ము, తాబేటిడిప్ప, ముళ్లపంది ముళ్లు, గంధపుచెక్క వాడి చిన్న పెట్టెలను విరివిగా తయారుచేశారు. వీటిలో కుట్టుపెట్టెలు ముఖ్యమైనవి. సూదులు, దారపుకండెలు, కత్తెర, నాడా దూర్చే మొద్దుసూది వంటి పరికరాలకు వాటిలో వేరువేరు అరలుండేవి.

ఈ పెట్టెలను సంగ్రహాలయాలు అలంకారకళగా ప్రదర్శిస్తాయి. కాని అవి మొదట పనిముట్ల పెట్టెలు. చిరిగినదాన్ని, విరిగినదాన్ని ఇంట్లో సరిచేసుకొనే నిత్యవ్యవహారంలో భాగాలు. ఆ వ్యవహారంలో కాస్త కఠినమైన పని కార్సెట్ బద్ద మార్చడం.

2. దంతిక: ఇంటి కత్తెరకు లొంగిన పదార్థం

తొలినాటి బద్దలను ఇంగ్లీషువారు ‘తిమింగలపు ఎముక’ అని పిలిచినా అది ఎముక కాదు. దంతాలు లేని జాతుల తిమింగలాల పైదవడ నుంచి వేలాడే పలకలవి. సముద్రజలం నుంచి ఆహారాన్ని వడగట్టుకోవడానికి అవి ఉపకరిస్తాయి. ఈ వ్యాసంలో వాటిని దంతిక అని వ్యవహరిస్తున్నాం. దంతిక, కొమ్ము, గోరు మూడింటికీ మూలద్రవ్యం కెరటినే.

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఎలిజబెత్ రాణి అంత్యక్రియల ప్రతిమకు 1603లో తొడిగిన నడుముకట్టులో దంతిక బద్దలున్నాయి. వస్త్రచరిత్రకారిణి జానెట్ ఆర్నాల్డ్ దాన్ని నిశితంగా అధ్యయనం చేశారు. ఫ్రాన్సులో 1675లో దర్జీ స్త్రీలకు సొంత వృత్తిసంఘం ఏర్పడినా, బద్దల నడుముకట్టు కుట్టే హక్కు పురుష దర్జీల వద్దనే నిలిచింది. ఆ పని ఎలా జరిగేదో గార్సో 1769లో ప్రచురించిన దర్జీవిద్యా గ్రంథం వివరిస్తుంది.

తయారీ వృత్తిసంఘాల చేతిలో ఉన్నప్పటికీ మరమ్మతు ఇంటికి అందుబాటులోనే ఉండేది. అందుకు కారణం దంతిక స్వభావమే. వెదురులాగా అది పొడవునా నిలువుగా చీలుతుంది. కత్తెరకూ కత్తికీ లొంగుతుంది. ఆవిరి తగిలితే మెత్తబడి, చల్లారాక వంచిన రూపంలోనే నిలుస్తుంది. విరిగిన బద్ద ఉన్న అర అంచున నాలుగు కుట్లు విప్పి, ముక్కలను బయటికి లాగి, అర పొడవుకంటె కొంచెం తక్కువగా కొత్త బద్ద కత్తిరించి, కొసలు గుండ్రంగా అరగదీసి దూర్చి, అంచు తిరిగి కుడితే పని ముగిసేది. కొసలు అరగదీయకపోతే బద్ద గుడ్డను చీల్చుకొని ఒంటికి గుచ్చుకొంటుంది. పాత నడుముకట్టు పాడైతే అందులోని బద్దలను తీసి కొత్తదానిలో వాడుకొనేవారు.

కొమ్మును, తాబేటిడిప్పను వేడితో మెత్తబరచి చదునుచేయడం ఆ పదార్థాలతో చేసే పనులన్నిటికీ మూలసూత్రం. కాబట్టి కొమ్ముతో కుట్టుపెట్టె చేసిన విశాఖ పనివాడూ, ఆ పెట్టె ముందు పెట్టుకొని బద్ద వంచిన గృహిణీ ఒకే పదార్థగుణాన్ని ఆశ్రయించారు.

3. ఉక్కు: అంగడికి తరలిన మరమ్మతు

19వ శతాబ్దంలో తిమింగలాల వేట తీవ్రమై దంతిక అరుదై, దాని ధర పెరిగింది. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు చౌకయింది. గొడుగు ఊచల విషయంలో ఈ మార్పు అంతకుముందే మొదలైంది. శామ్యూల్ ఫాక్స్ 1852లో ఉక్కు ఊచల గొడుగును ప్రవేశపెట్టి దంతిక ఊచలను వెనక్కు నెట్టాడు. కార్సెట్‌లోనూ ఉక్కుబద్దలు వ్యాపించాయి. ప్రత్యామ్నాయాలూ పుట్టుకొచ్చాయి. 1883లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ వారెన్ టర్కీకోడి ఈకల కాడలతో ‘ఫెదర్‌బోన్’ రూపొందించాడు. 1904లో మొదలైన స్పిరెల్లా సంస్థ చుట్టల తీగబద్దను ప్రచారంలోకి తెచ్చింది. చదును ఉక్కుబద్ద ముందుకూ వెనక్కూ మాత్రమే వంగుతుంది. చుట్టల బద్ద పక్కలకూ వంగుతుంది.

గట్టి ఉక్కుబద్ద ఇంటి కత్తెరకు లొంగదు. కత్తిరించినా పైపూత తెగి, బయటపడిన కొస తుప్పు పడుతుంది. కొసలకు తొడుగు లేదా మళ్లీ పూత అవసరం. అందువల్ల ఇంట్లో బద్దను తయారుచేసుకోవడం తగ్గి, కొలతకు తగిన బద్దను కొని దూర్చడం పెరిగింది. ఉప్పుగాలి, ఉక్క, చెమట కలిసిన వాల్తేరు వంటి తీరప్రాంతపు ఐరోపా నివాసాలలో తుప్పు సహజమైన బెడద. ఇంట్లో సరిచేసే నేర్పు అక్కడ మరింత అవసరమైంది, ఆ పనికి కావలసిన సామగ్రి మాత్రం ఇంటికి మరింత దూరమైంది. తెలుగునాట వానకాలపు గొడుగు బాగుచేసేవారి వృత్తిలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. ఊచ లోహమయ్యాక దాన్ని సరిచేయడానికి ప్రత్యేకమైన చేయి కావలసివచ్చింది.

4. మరమ్మతు సాక్ష్యాలు

ఇంట్లో జరిగిన ఈ పనికి కూలి లెక్క ఉండదు. దాని సాక్ష్యం గుడ్డమీదనే వెతకాలి. ఒక అర అంచున మాత్రమే దారం రంగు మారడం, పాత సూదిరంధ్రాల పక్కన కొత్త కుట్లు కనిపించడం, కొసల వద్ద తోలుముక్క అతకడం, చుట్టూ తుప్పుమరక ఉండడం అటువంటి గుర్తులు. 19వ శతాబ్దపు కార్సెట్లలో బద్దల కొసలు కదలకుండా పట్టుదారంతో వేసిన అల్లికకుట్లు ఉంటాయి. బద్ద మార్చాలంటే వాటిని విప్పి మళ్లీ వేయాలి. వరుసలో ఒక అల్లిక తేడాగా ఉంటే అక్కడ మరమ్మతు జరిగి ఉండవచ్చని మొదట అనుమానించాలి.

సంగ్రహాలయ వివరణలు ఇటువంటి గుర్తులను లోపాలుగా నమోదు చేయడం పరిపాటి. విరిగిన బద్దను తీసి ప్రతిమకు తొడగడానికి వీలుగా కొత్తది దూర్చితే వస్తువు అందంగా కనబడుతుంది గాని, దాన్ని వాడిన చేతుల జాడ చెరిగిపోతుంది. అందువల్ల ఏ బద్దనైనా కదిలించే ముందు అర, కుట్టు, కొసల స్థితిని నమోదుచేయడం పరిశోధనకు అత్యవసరం.

5. ఉపసంహారం

తిమింగలాల వాణిజ్యవేటపై అంతర్జాతీయ నిషేధం 1982లో ఆమోదం పొందింది. నేటి పునర్నిర్మాతలు కృత్రిమ ప్లాస్టిక్ బద్దను కత్తెరతో కోసి, ఇస్త్రీపెట్టె వేడితో వంచుతున్నారు. కొందరు విద్యుత్ తీగలు కట్టే నైలాన్ పట్టీలనే వాడుతున్నారు. పదార్థం మళ్లీ కత్తెరకు లొంగేసరికి పని మళ్లీ ఇంటికి చేరింది. దంతిక, ఉక్కు, ప్లాస్టిక్ దశలను ఒక వరుసలో చూసినప్పుడు మరమ్మతు అనేది కేవలం పొదుపు బుద్ధికి సంబంధించినది కాదని, పదార్థం ఇచ్చే అవకాశానికీ కట్టుబడి ఉంటుందని స్పష్టమవుతుంది.

విశాఖపట్నం కుట్టుపెట్టెల అధ్యయనాన్ని తాపడపు నైపుణ్యంతో ముగించకుండా, లోపలి అరల అరుగుదల, పరికరాల అమరిక వరకు విస్తరింపజేయవలసి ఉంది. పెట్టె చేసిన పనివాడి శ్రమతోపాటు, దాన్ని తెరిచి కూర్చున్న వారి శ్రమకు కూడా అప్పుడే చరిత్రలో చోటు దక్కుతుంది.