రాకాసి గుళ్ళు: ఒక నామ విచారము

గోదావరి కుడిగట్టున, నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని జానంపేట పరిసరములందు బృహచ్ఛిలాయుగపు సమాధులు వందలకొలది కలవు. నాలుగువైపుల రాతిపలకలు నిలిపి, పైన పెద్దబండను మూతగా వేసి, లోపల మృతునికై రాతితొట్టి నమర్చిరి. ఇనుము వాడుకలోనికి వచ్చిన పిమ్మట, క్రీస్తుకు పూర్వపు చివరి సహస్రాబ్దిలో వర్ధిల్లిన సంప్రదాయమిది. ప్రజలు వీనిని సమాధులనరు, రాకాసి గుళ్ళందురు. చిత్తూరు సీమలో ఇట్టివే పాండవ గుళ్ళు.

ఈ ‘గుళ్ళు’ ఏ శబ్దమునకు బహువచనము? గుడి యైనచో గుళ్ళు, గూడు అయినచో గూళ్ళు కావలెను. ఆంగ్ల నివేదికలలో హ్రస్వదీర్ఘ భేదము కానరాదు గనుక వానినిబట్టి తేల్చుట కష్టము. (ఆంగ్లలిపి మన ఊళ్ళపేర్లకు చేసిన అపచారము వేరొక వ్యాసమునకు తగినది.) ఆకారమును చూచినచో గూడనుటయే సులభము. పూజ లేనిచోటికి గుడి యను పేరేల యను శంకయు కలుగును.

ఐనను నేను గుడి శబ్దమువైపే మొగ్గుదును. తమిళమున ‘కుడి’ యనగా ఇల్లు, నివాసము. దేవాలయార్థము స్థిరపడకపూర్వము మన గుడికిని ఆ యర్థముండి యుండును. కర్ణాటకమున కొప్పళ జిల్లా హిరేబెణకల్‌లోని ఇట్టి సమాధులను కన్నడిగులు ‘మోర్యర మనె’, అనగా మోర్యుల ఇండ్లు, అందురు. అచ్చటి కథలో మోర్యులు మరుగుజ్జులు; మన కథలో కట్టినవారు రాక్షసులు. ఇది వింతగొల్పును గాని, ఇరువురు కథకులును చూచినది ఒకే తీరు కట్టడమును. మూతబండ బరువు తలచినవానికి రాక్షసుడు తోచెను. పలకలోని గుండ్రని రంధ్రమును వాకిలి యనుకొన్నవానికి మరుగుజ్జు తోచెను. ఇల్లను భావము మాత్రము రెండుచోట్లను నిలిచినది. మృతునకు రాతితో గది కట్టినవారి తలపునకు అది దూరము గాదు.

పండితులును కథలల్లిరి. గోదావరీతీరపు సమాధులకడ శిలువను బోలిన నిలువురాళ్ళున్నవి. ఫెర్గూసన్ 1872లో వానిని క్రైస్తవ చిహ్నములుగా నెంచి, సమాధుల కాలమును క్రీస్తు తరువాతికి దించెను. వానిలో కొన్నింటిపై స్తనములు చెక్కబడి యుండుటచే అవి స్త్రీమూర్తులని తరువాతివారు గుర్తించిరి. పల్లెవాని రాక్షసుడు ఇంతకంటె పెద్ద పొరపాటు గాదు.

నా యూహ నిలుచునో లేదో తేల్చుటకు ఏకవచనము చాలును. ఆ ప్రాంతమునకు పోవు పరిశోధక విద్యార్థి, కథ వ్రాసికొనుటకు ముందు, ఒక్క కట్టడమును చూపి వృద్ధుల నడుగవలెను: దీనిని ‘రాకాసి గుడి’ యందురో, ‘రాకాసి గూడు’ అందురో.