తీసేసిన పేర్లు

తెలుగు టెక్స్ట్‌తో పనిచేసే ఓపెన్ సోర్స్ లైబ్రరీల జాబితా ఒకటి నాలుగేళ్ళుగా చూసుకుంటున్నాను. ఈమధ్య ఒక రాత్రి అందులోంచి ఓ పేరు తీసేశాను. ఆ లైబ్రరీ మూడేళ్ళుగా కదల్లేదు, కొత్త పైథాన్‌లో ఇన్‌స్టాల్ కూడా కావట్లేదు. రెండ్రోజుల్లో దాన్ని రాసిన కుర్రాడి నుంచి మెయిల్ వచ్చింది: "కాలేజీలో ఉండగా చేశాను. నా పని నలుగురికీ కనబడే చోటు అదొక్కటే. ఎందుకు తీసేశారన్నా?"

జవాబు తోచక, నాకంటే ముందు ఈ పని చేసినవాళ్ళ సంగతులు తిరగేశాను.

ఇది గిట్‌హబ్‌తో పుట్టిన పనేం కాదు. జాక్ డొంగారా, ఎరిక్ గ్రోస్ 1985లోనే నెట్‌లిబ్ మొదలుపెట్టారు. 'ఇండెక్స్ పంపు' అని ఈమెయిల్ రాస్తే గణిత సాఫ్ట్‌వేర్ జాబితా దానంతటదే తిరిగొచ్చేది. కావలసినదాని పేరు రాస్తే కోడే వచ్చేది. అప్పటికింకా వెబ్ లేదు. వెబ్ వచ్చాక 1991లో టిమ్ బర్నర్స్-లీ సెర్న్‌లో వర్చువల్ లైబ్రరీ పెట్టాడు. ఒక్కో విషయం బాధ్యత ఒక్కో వాలంటీరుది. 1994లో ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు సొంతానికి రాసుకున్న జాబితా యాహూ అయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1997లో ఫ్రెష్‌మీట్, ఆ మరుసటేడు వాలంటీర్లతో నడిచే డీమాజ్ వచ్చాయి.

తర్వాత సెర్చ్ ఇంజన్లు వచ్చి వీటి పని పట్టాయి. 2014 జూన్‌లో ఫ్రెష్‌మీట్ (అప్పటికి ఫ్రీకోడ్‌గా పేరు మారింది) ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో యాహూ డైరెక్టరీ మూతబడింది. 2017లో డీమాజ్‌ని ఏఓఎల్ మూసేసింది. ఇక జాబితాల కాలం చెల్లిందనుకోవాలి కదా? కానీ సరిగ్గా 2014 జూలైలోనే సిండ్రే సోర్హస్ గిట్‌హబ్‌లో 'ఆసమ్' అనే జాబితాల జాబితా మొదలుపెట్టాడు. అందులో చేరాలంటే మీ జాబితాకి కనీసం 30 రోజుల వయసుండాలి. ఉత్సాహంలో మొదలెట్టి వదిలేసేవాళ్ళే ఎక్కువని ఆయనకి తెలుసనుకుంటా.

సెర్చ్ వంద దొరికిస్తుంది, అందులో ఏది వాడాలో ఎవరో ఒక మనిషి చెప్పాలి. ఆ మాట నమ్మాలంటే చచ్చిపోయినవాటిని తీసెయ్యక తప్పదు. తీసెయ్యడంలో నా తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

కానీ యాహూకి లేని సదుపాయం ఒకటి మాకుంది. మా జాబితా ఉత్త టెక్స్ట్ ఫైలు. ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, ప్రతి మార్పూ కారణంతో సహా చరిత్రలో ఉండిపోతుంది. ఆ రాత్రి నేను రాసిన కారణమేమిటా అని వెనక్కెళ్ళి చూశాను. ఒకటే మాట: 'క్లీనప్'.

ఒక మనిషి రెండేళ్ళ పనికి నేనిచ్చిన వివరణ అది.

క్షమాపణ చెప్పి, అసలు కారణం నాలుగు వాక్యాల్లో రాశాను. అప్పట్నుంచి తీసేసే ప్రతి పేరుకీ ఎందుకో రాస్తున్నాను. నిన్న అతను సెటప్ ఫైల్లో రెండు లైన్లు మార్చి పంపాడు. ఇంకా నడిపి చూడలేదు. ఆదివారం చూడాలి.