జఠర సూక్ష్మజీవి సంక్రమణము – సాంఘికార్థిక స్థితులు

జఠరపు గోడనంటిన జిగట పొర చాటున నివసించు 'హెలికోబాక్టర్ పైలోరీ' అను మెలికల సూక్ష్మజీవి పెక్కురకు బాల్యముననే సంక్రమించి, చికిత్స లేనిచో జీవితాంతము నిలిచియుండును. జనులు కడుపులో పుండు అనెడి వ్యాధికిని, కొందరియందు జఠరపు క్యాన్సరునకును ఇది ముఖ్య కారణము.

ఈ వ్యాధి చరిత్రకు హైదరాబాదు తార్నాకతో ఒక సంబంధము కలదు. 1918లో కూనూరున రాబర్టు మెక్కారిసన్ బెరిబెరి పరిశోధనకై ఒకే గదిలో నెలకొల్పిన ప్రయోగశాల, 1958లో ఇచటికి తరలివచ్చి, తన యీడుదే యైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు పొరుగున కుదురుకొని, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. కూనూరులో మెక్కారిసన్ కొన్ని ఎలుకలకు తిరువాన్కూరు పేదల కర్రపెండలపు భోజనమును, కొన్నింటికి మద్రాసువారి అన్నమును, మరికొన్నింటికి సిక్కుల రొట్టెలును పాలును పెట్టి చూడగా, మొదటి రెండు తెగలయందు జఠరవ్రణములు పొడసూపెను, మూడవదానియందు లేవు. నాటినుండి దక్షిణాదివారి పుండ్లకు అన్నమును, మిరపకాయయు చిరకాలము నిందలు మోసినవి. పేదవాని కంచమును అంత శ్రద్ధతో పరీక్షించిన ఆ తరము వాని నీళ్లకుండ వైపు చూడలేదు.

1982లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున వారెన్, మార్షల్ అను వైద్యులు ఈ మెలికల సూక్ష్మజీవిని పెంచి చూపిరి. 1984లో మార్షల్ దానిని తానే త్రాగి జబ్బుపడెను. 2005లో ఇరువురకు నోబెల్ బహుమానము లభించెను. పిమ్మట హైదరాబాదు డెక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనమున, కొళాయి నీరు త్రాగువారికంటె బావినీరు త్రాగువారియందును, ఇరుకిండ్లవారియందును సంక్రమణము హెచ్చుగా కానవచ్చెను. కొళాయి యున్నంతనే నిశ్చింత కలుగదు: 1908 నాటి మూసీ వరద తరువాత నగరమునకు ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు అను జలాశయములు నిర్మింపబడినను, దినమున కొన్ని గంటలే నీరు పారు గొట్టము తక్కిన వేళ ఖాళీయై, పగులున్నచోట ప్రక్కనున్న మురుగును లోనికి పీల్చుకొనును. ఒకే గదిలో పలువురు శయనించి, ఒకే గ్లాసున నీరు త్రాగు కాపురములయందు తల్లినుండి బిడ్డకు, అన్ననుండి తమ్మునికి అంటు సోకుట సులభము.

చికిత్సయందును పేదరికపు ఛాయ తప్పదు. విరేచనములకు వైద్యుని చీటి లేకయే అంగళ్లలో కొని మ్రింగిన మెట్రొనిడజోల్ మాత్రల ఫలితముగా, భారతదేశమున ఈ జీవి ఆ మందునకు చాలవరకు లొంగకున్నది. దీనికి వాడుకలో టీకా నేటికిని లేదు.